స్పర్శ లేని మచ్చ

తిరుపతికి సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుచానూరు పద్మావతీ అమ్మవారి దివ్యక్షేత్రం. కార్తిక మాసంలో జరిగే బ్రహ్మోత్సవాల చివరినాడు, పంచమీతీర్థం సందర్భంగా, పద్మసరోవరంలో స్నానం చేయడానికి అసంఖ్యాకంగా భక్తులు తరలివస్తారు. ఆ రద్దీలో ఒకరి భుజం మరొకరి భుజానికి తగులుతుంది; ఒకరు మునిగిన నీటిలోనే వేలాదిమంది మునుగుతారు. నన్ను తాకవద్దని ఎవరూ అనరు. అయితే ఇటువంటి పుణ్యక్షేత్రాలకు వెళ్ళే దారుల పక్కన, జనసందోహానికి కొంచెం ఎడంగా, వేళ్ళు లేని చేతులకు గుడ్డపీలికలు చుట్టుకొని యాచించే మనుషులు గత శతాబ్దంలో తరచుగా కనిపించేవారు. వారిలో చాలామంది ఆ ఊరివారు కారు. సొంత ఊరు, కొన్ని సందర్భాలలో సొంత ఇల్లే వెళ్ళగొట్టగా, దేవుని నీడను వెతుక్కొంటూ వచ్చినవారు. వారిని నిరాశ్రయులను చేసిన వ్యాధి పేరు కుష్ఠు.

తిరుమల తిరుపతి దేవస్థానం అటువంటి వారి కోసం తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పూర్ హోమ్ అనే ఆశ్రయాన్ని నెలకొల్పి వసతిని, భోజనాన్ని, వైద్యాన్ని సమకూర్చింది. అది కరుణతో చేసిన కార్యం. ఆధునిక వైద్యశాస్త్రం చెప్పే మాట దానికంటె ఒక అడుగు ముందుకు వెళ్తుంది: ఆ చేతులు అలా కానవసరమే లేదు. సకాలంలో గుర్తిస్తే నోటి మాత్రలతో ఆరు నెలల్లోనో, ఒక సంవత్సరంలోనో పూర్తిగా నయమయ్యే వ్యాధి ఇది. గుర్తించడానికి గొప్ప యంత్రాలు కూడా అక్కరలేదు. చాలావరకు ఒక దూదిపింజ, శ్రద్ధగా పరిశీలించే కళ్ళు, రోగిని తాకడానికి సంకోచించని చేయి చాలు. ఈ వ్యాధి మనిషి నుండి స్పర్శజ్ఞానాన్ని హరిస్తుంది. ఆ తరువాత సంఘం అతనికి తన స్పర్శను నిరాకరిస్తుంది. వైద్యం మాత్రం స్పర్శతోనే ప్రారంభమవుతుంది.

పేరు వెనుక ఉన్న భయం

కుష్ఠం అనేది సంస్కృత శబ్దం. ప్రాచీన భారతీయ వైద్యులు చర్మానికి సంబంధించిన అనేక వ్యాధులను ఈ ఒక్క పేరుతోనే వ్యవహరించి, వాటిని ఏడు మహాకుష్ఠాలుగా, పదకొండు క్షుద్రకుష్ఠాలుగా విభజించారు. కాబట్టి ప్రాచీన గ్రంథాలలో ఆ పదం కనిపించిన ప్రతిచోటా నేటి కుష్ఠువ్యాధినే గ్రహించడం సరికాదు. అయినా ఆ వైద్యుల పరిశీలన నిశితమైనది. చర్మం స్పర్శను కోల్పోవడాన్ని సుశ్రుత సంహిత ఒక లక్షణంగా పేర్కొన్నది. తువరక వృక్షపు గింజల నుండి తీసిన తైలాన్ని ఔషధంగా సూచించింది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో పాశ్చాత్య వైద్యులు ఇంజక్షన్ల రూపంలో వాడిన చాల్‌మూగ్రా నూనె ఆ వృక్షజాతికి చెందినదే.

పురాణాలలోను, కావ్యపరంపరలోను ఈ రోగం మరొక రూపంలో దర్శనమిస్తుంది. శ్రీకృష్ణుని కుమారుడైన సాంబుడు తండ్రి శాపం వలన కుష్ఠురోగి అయి, సూర్యుని ఆరాధించి స్వస్థుడయ్యాడని పురాణకథ. మయూరకవి సూర్యశతకాన్ని రచించి రోగవిముక్తుడయ్యాడని ఐతిహ్యం. ఈ కథలు రోగికి ఆశ కలిగించేవే. అయినా రోగానికి మూలం శాపమనీ, పాపమనీ జనుల మనస్సులలో నాటుకొనిపోయింది. తెలుగువారు ఈ వ్యాధిని పేరుపెట్టి పిలవడానికి కూడా జంకి "పెద్దరోగం" అన్నారు. పేరు చెప్పడానికే భయపడే రోగాన్ని దాచుకోవడం సహజం. దాచిన రోగం ముదరడం అంతకంటె సహజం.

కారణం శాపం కాదు, సూక్ష్మక్రిమి

1873లో నార్వే దేశంలోని బెర్గెన్ నగరంలో గెర్హార్డ్ ఆర్మావర్ హాన్సెన్ అనే వైద్యుడు రోగుల శరీరం నుండి తీసిన కణజాలంలో కడ్డీల వంటి సూక్ష్మక్రిములను చూశాడు. కుష్ఠు వంశపారంపర్యంగా వచ్చేదని పండితులు సైతం నమ్ముతున్న కాలమది. హాన్సెన్ పరిశోధన ఆ నమ్మకాన్ని కదిలించింది. మైకోబాక్టీరియం లెప్రే అని పిలిచే ఈ క్రిమి క్షయవ్యాధిని కలిగించే క్రిమికి దగ్గరి బంధువు. ఆయన పేరు మీదనే ఈ వ్యాధిని హాన్సెన్ వ్యాధి అని కూడా అంటారు.

ఈ క్రిమి స్వభావం విచిత్రమైనది. సాధారణమైన బాక్టీరియాలు కొన్ని నిమిషాలలో రెట్టింపు కాగా, ఇది ఒకసారి రెట్టింపు కావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందువలన క్రిమి శరీరంలో ప్రవేశించిన తరువాత లక్షణాలు బయటపడడానికి సగటున ఐదేళ్ళు, కొందరిలో ఇరవై ఏళ్ళకు పైగా కూడా పడుతుంది. ప్రయోగశాలలో కృత్రిమ పోషకాలపై దీనిని పెంచడం నేటికీ సాధ్యపడలేదు. ఎలుకల పాదాలలోను, అమెరికా ఖండంలో కనిపించే ఆర్మడిల్లో అనే జంతువులోను పెంచి శాస్త్రజ్ఞులు దీనిని అధ్యయనం చేశారు. ఇది శరీరంలోని చల్లని భాగాలను ఇష్టపడుతుంది. చర్మం, ముక్కు లోపలి పొర, చెవి తమ్మెలు, చర్మానికి దగ్గరగా సాగే నరాలు దీని నివాసస్థానాలు.

చికిత్స పొందని రోగితో దీర్ఘకాలం సన్నిహితంగా మెలిగినప్పుడు, ముఖ్యంగా అతని ముక్కు, నోటి నుండి వెలువడే తుంపరల ద్వారా, ఈ క్రిములు ఇతరులకు సోకుతాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కరచాలనం వలన గాని, పక్కన కూర్చోవడం వలన గాని, ఒకే పంక్తిలో భోజనం చేయడం వలన గాని, ఒకే కోనేటిలో స్నానం చేయడం వలన గాని ఈ వ్యాధి రాదు. పైగా నూటికి 95 మందికి పైగా దీనిని ఎదుర్కొనే శక్తి సహజంగానే ఉంటుంది. అంటువ్యాధులన్నింటిలో అతి తక్కువగా అంటుకొనే వ్యాధిని మనుషులు అందరికంటె ఎక్కువగా దూరం పెట్టడం చరిత్రలోని వైపరీత్యం.

గుర్తించే విధానం

తిరుచానూరులో ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక విద్యార్థిని ఊహించుకోవచ్చు. అతని ముంజేతి వెనుక రూపాయి బిళ్ళంత మచ్చ ఏర్పడింది. చుట్టూ ఉన్న చర్మం కంటె కొంచెం పాలిపోయి, అంచుల్లో రాగిరంగుతో ఉన్నది. దురద లేదు, నొప్పి లేదు. "శోభి మచ్చలే, పోతుందిలే నాయనా" అన్నది తల్లి. మందుల దుకాణంలో కొన్న లేపనం కొన్ని వారాలు రాశాడు. మచ్చ పోలేదు. దానిపై చెమట పట్టకపోవడం, వెంట్రుకలు రాలిపోవడం అతడు గమనించలేదు. ఎనిమిది నెలలు గడిచాయి. ఒకనాడు చొక్కా గుండీలు పెట్టుకొంటున్నప్పుడు చిటికెన వేలు మాట వినడం లేదని తోచింది. తండ్రికి అనుమానం వచ్చింది గాని, ఇంట్లో పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్న సమయమది. "ఈ మాట బయట పొక్కితే పిల్ల పెళ్ళి ఏమవుతుంది?" అని ఆయన మథనపడ్డాడు. ఇంకొక రెండు నెలలు అలాగే గడిచాయి.

ఆ కుటుంబానికి తెలియని విషయం ఒకటి ఉన్నది. ఆ రెండు నెలలు వట్టి రోజులు కావు. అవి ఒక చేతి ఆయుర్దాయంలోనివి.

చివరకు ఇంటింటికీ తిరిగి చర్మపరీక్షలు చేస్తున్న ఆశా కార్యకర్త ఆ మచ్చను చూసి, "అక్కా, ఆలస్యం చేయవద్దు" అని తల్లికి నచ్చజెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపింది. అక్కడి వైద్యుడు రక్తపరీక్ష వ్రాయలేదు. పెద్ద యంత్రాన్ని తెప్పించలేదు. దూదిని సన్నని ఒత్తిగా నులిమి, ముందుగా విద్యార్థి కళ్ళెదుటనే అతని చేతిని తాకి చూపాడు. ఆపై, "నాయనా, ఇప్పుడు కళ్ళు మూసుకో. దూది ఎక్కడ తాకిందో వేలితో చూపించు" అన్నాడు. మామూలు చర్మాన్ని తాకినప్పుడు అతడు వెంటనే చూపించాడు. మచ్చ నడుమ తాకినప్పుడు కదలలేదు. రెండవసారి, మూడవసారి కూడా అంతే. ఆ మౌనమే రోగనిర్ధారణ.

కుష్ఠును నిర్ధారించడానికి వైద్యశాస్త్రం మూడు ప్రధాన లక్షణాలను గుర్తించింది. వీటిలో ఏ ఒక్కటి స్పష్టంగా ఉన్నా వ్యాధి ఉన్నట్లే. మొదటిది, పాలిపోయిన లేక ఎర్రబారిన మచ్చలో స్పర్శజ్ఞానం నిశ్చయంగా లోపించడం. రెండవది, నరం ఉబ్బి, ఆ నరం వ్యాపించే భాగంలో స్పర్శ తగ్గడం లేక కండరాలు బలహీనపడడం. మూడవది, చర్మం నుండి తీసిన ద్రవంలో సూక్ష్మదర్శిని కింద క్రిములు కనిపించడం.

నరాలను పరీక్షించేది కూడా చేతివేళ్ళతోనే. మోచేతి లోపలివైపు ఎముక వెనుక గాడిలో, మోకాలి కింద వెలుపలి వైపున, చీలమండ లోపలివైపున, మెడ పక్కన నరాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి. వైద్యుడు వాటిని మృదువుగా తడిమి రెండు వైపులా పోల్చి చూస్తాడు. ఆ విద్యార్థి మోచేతి వద్ద నరం తాడులా ఉబ్బి ఉన్నది. వేళ్ళ మధ్య ఒక కాగితాన్ని పట్టుకొమ్మని వైద్యుడు లాగితే అది సులభంగా జారిపోయింది. చిటికెన వేలిని, దాని పక్క వేలిని ఆడించే నరం దెబ్బతింటున్నదని దాని అర్థం.

క్రిములను వెతికే పరీక్షలో చెవి తమ్మె వంటి చోట్ల చర్మాన్ని వేళ్ళతో నొక్కిపట్టి, చిన్న గాటు పెట్టి, లోపలి ద్రవాన్ని గాజుపలకపై పూస్తారు. ప్రత్యేకమైన రంగులతో శుద్ధి చేసినప్పుడు క్రిములు ఎర్రని కడ్డీల వలె కనిపిస్తాయి. మచ్చలు తక్కువగా ఉన్న రోగులలో ఈ పరీక్షలో క్రిములు కనిపించకపోవచ్చు. కాబట్టి క్రిములు లేవన్నంత మాత్రాన వ్యాధి లేదని భావించకూడదు. సందేహం మిగిలితే చర్మపు ముక్కను తీసి పరిశీలిస్తారు.

ప్రతి మచ్చా కుష్ఠు కాదనే విషయం కూడా ముఖ్యమే. బొల్లి మచ్చ పాలవలె పూర్తిగా తెల్లబడుతుంది. అందులో స్పర్శ చెక్కుచెదరదు. కుష్ఠు మచ్చ ఎన్నడూ అంత తెల్లగా ఉండదు. శోభి మచ్చలపై సన్నని పొట్టు రాలుతుంది. తామరకు దురద ఉంటుంది. పుట్టుమచ్చలు పుట్టినప్పటి నుండి ఉంటాయి. బొల్లిని కుష్ఠుగా పొరబడి నిర్దోషిని వెలివేసిన ఇళ్ళు, కుష్ఠును శోభిగా పొరబడి రోగిని నిర్లక్ష్యం చేసిన ఇళ్ళు రెండూ ఉన్నాయి. ఈ రెండు పొరపాట్లనూ ఒక దూదిపింజ నివారించగలదు.

వ్యాధి నిర్ధారణ అయిన తరువాత దానిని రెండు తరగతులుగా విభజిస్తారు. మచ్చలు ఐదు వరకు ఉండి, దెబ్బతిన్న నరం ఒకటికి మించనప్పుడు అది తక్కువ క్రిములు గల రకం. మచ్చలు ఐదుకు మించినా, ఒకటి కంటె ఎక్కువ నరాలు దెబ్బతిన్నా, చర్మపరీక్షలో క్రిములు కనిపించినా అది ఎక్కువ క్రిములు గల రకం. ఈ భేదం రోగి శరీరంలోని రోగనిరోధకశక్తిని బట్టి ఏర్పడుతుంది. చికిత్స ఎంతకాలం ఇవ్వాలనేది ఈ విభజనపైనే ఆధారపడి ఉంటుంది.

నూనె నుండి మాత్ర వరకు

కుష్ఠు చికిత్సా చరిత్రలో తెలుగునేలకు గౌరవప్రదమైన స్థానం ఉన్నది. 1915లో నిజామాబాదు సమీపంలోని డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్ అనే స్కాట్లండ్ వైద్యురాలు, ఆమె భర్త జార్జ్ కెర్ ఒక కుష్ఠు చికిత్సాలయాన్ని ప్రారంభించారు. నిజామాబాదుకు చెందిన దాత నర్సాగౌడ్ అందుకు సహాయం చేశారు. చాల్‌మూగ్రా వర్గపు నూనెను ఇంజక్షన్లుగా ఇవ్వడమే ఆనాటి చికిత్స. అది బాధాకరమైనది, ఏళ్ళ తరబడి సాగేది, ఫలితం అనిశ్చితమైనది. అయినా ఆశ అనేదే ఎరుగని రోగులు దూరప్రాంతాల నుండి డిచ్‌పల్లికి చేరుకొన్నారు. ఇసాబెల్ కెర్ 1932లో మరణించే వరకు వారి సేవలోనే గడిపారు.

1941లో అమెరికాలోని కార్విల్ వైద్యశాలలో గై ఫేజెట్ సల్ఫోన్ జాతి ఔషధాన్ని రోగులకు ఇచ్చి సత్ఫలితాలు సాధించాడు. ఆ జాతిలో సరళమైనది, చౌకైనది డాప్సోన్. చెన్నై సమీపంలోని చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ సల్ఫోన్ చికిత్సను భారతీయ రోగులకు అందించాడు. పూర్వం డిచ్‌పల్లిలో పనిచేసిన జాన్ లో అనే వైద్యుడు ఆ తరువాత నైజీరియాకు వెళ్ళి, డాప్సోన్‌ను నోటి మాత్రగా ఇవ్వవచ్చునని నిరూపించాడు. వేల సంవత్సరాలుగా మందు లేదనుకొన్న రోగానికి రోజుకొక మాత్ర మందయింది.

అయితే ఒకే ఔషధాన్ని ఏళ్ళ తరబడి వాడడం వలన క్రిములు దానికి లొంగని శక్తిని సంతరించుకొన్నాయి. 1964లో ఈ సంగతి ప్రయోగపూర్వకంగా రుజువైంది. దీనికి పరిష్కారంగా 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన నిపుణులు ఒకటికి మించిన మందులను కలిపి ఇవ్వాలని సూచించారు. అదే బహుళ ఔషధ చికిత్స. ఒక మందుకు లొంగని క్రిమిని మరొక మందు సంహరిస్తుందనేది ఇందులోని కిటుకు.

ఈ చికిత్సలో మూడు మందులు ఉంటాయి. వయోజనులకు రిఫాంపిసిన్ 600 మిల్లీగ్రాములు నెలకొకసారి, డాప్సోన్ 100 మిల్లీగ్రాములు ప్రతిదినం, క్లోఫాజిమిన్ 300 మిల్లీగ్రాములు నెలకొకసారి, 50 మిల్లీగ్రాములు ప్రతిదినం ఇస్తారు. ఎక్కువ క్రిములు గల రకానికి పన్నెండు నెలలు, తక్కువ క్రిములు గల రకానికి ఆరు నెలలు చికిత్స సాగుతుంది. పూర్వం తక్కువ క్రిములు గల రకానికి రిఫాంపిసిన్, డాప్సోన్ మాత్రమే ఇచ్చేవారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీరికి కూడా మూడు మందులను సూచించగా, 2025 నుండి మన దేశం ఆ పద్ధతిని అవలంబించింది. ఇరవై ఎనిమిది రోజుల మాత్రలను ఒకే అట్టలో అమర్చి ఉచితంగా ఇస్తారు. నెలకొకసారి వేసుకొనే మోతాదును ఆరోగ్య సిబ్బంది సమక్షంలో మింగుతారు. మిగిలినవి ఇంటి వద్ద వేసుకొంటారు.

చికిత్స మొదలైన కొద్దికాలానికే రోగి నుండి ఇతరులకు వ్యాధి సోకే ప్రమాదం తొలగిపోతుంది. కాబట్టి అతనిని ఇంటి నుండి వేరు చేయవలసిన పని లేదు. విద్యార్థి కళాశాలకు వెళ్ళవచ్చు, కూలి పనికి వెళ్ళవచ్చు. రిఫాంపిసిన్ వేసుకొన్న రోజున మూత్రం ఎర్రబడుతుంది, భయపడనక్కరలేదు. క్లోఫాజిమిన్ వలన చర్మం కొంత నల్లబడి, చికిత్స ముగిసిన కొన్ని నెలలకు క్రమంగా మామూలవుతుంది. డాప్సోన్ కొందరిలో రక్తహీనతను, అరుదుగా తీవ్రమైన దద్దుర్లను కలిగిస్తుంది. దద్దుర్లు, జ్వరం, పచ్చకామెర్లు కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి.

ఆరు నెలల గడువు

మందులు క్రిములను చంపుతాయి. కాని చనిపోయిన క్రిముల శకలాలపై కూడా శరీరం ఒక్కొక్కసారి తీవ్రంగా తిరగబడుతుంది. అప్పుడు మచ్చలు ఎర్రగా ఉబ్బుతాయి. నరాలు వాచి నొప్పి పెడతాయి. కొందరికి జ్వరంతో బొబ్బల వంటి గడ్డలు లేస్తాయి. దీనిని ప్రతిచర్య అంటారు. చికిత్సకు ముందు గాని, చికిత్స నడుమ గాని, ముగిసిన తరువాత గాని ఇది సంభవించవచ్చు. మందు పడలేదనుకొని రోగులు చికిత్సను మానివేసేది ఇటువంటి సందర్భంలోనే. అది పెద్ద పొరపాటు. మందులను కొనసాగిస్తూనే, వాపును తగ్గించే ప్రెడ్నిసలోన్ వంటి ఔషధాన్ని వైద్యుని పర్యవేక్షణలో కొన్ని వారాలపాటు వాడాలి.

ఇక్కడే కాలం విలువ తెలుస్తుంది. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకముందే ప్రెడ్నిసలోన్ ఇస్తే కోల్పోయిన స్పర్శ, బలం తిరిగి వచ్చే అవకాశం గణనీయంగా ఉంటుంది. ఆ గడువు దాటితే ఆ ఆశ సన్నగిల్లుతుంది. క్రిములు నశించి రోగం నయమైనా చేయి మొద్దుబారే ఉండిపోతుంది. తిరుచానూరు విద్యార్థి ఉదాహరణలో మచ్చకు పది నెలల వయస్సు ఉన్నా, వేలి బలహీనతకు రెండు నెలల వయస్సే ఉన్నది. అతడు గడువులోపలే వచ్చాడు. ఇంకొక నాలుగైదు నెలలు పెళ్ళి సంబంధం కోసం రహస్యాన్ని కాపాడి ఉంటే, కాపాడుకోవలసిన చేయి దక్కేది కాదు.

నొప్పి చేసే మేలు

చిత్తూరు నుండి దక్షిణంగా రాష్ట్ర సరిహద్దు దాటితే వేలూరు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో 1946లో చేరిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు ఒక ప్రశ్న వేసుకొన్నాడు. కుష్ఠురోగుల వేళ్ళు ఎందుకు పోతున్నాయి? రోగం మాంసాన్ని తినివేస్తుందని లోకం నమ్మింది. ఒకనాడు తుప్పుపట్టిన తాళాన్ని తీయలేక ఆయన అవస్థపడుతుండగా, రోగి అయిన ఒక బాలుడు ముందుకు వచ్చి తాళంచెవిని గిర్రున తిప్పాడు. బాలుని బలానికి ఆశ్చర్యపడిన వైద్యుడు అతని వేలిని చూస్తే, అది ఎముక కనిపించేంతగా తెగి ఉన్నది. బాలునికి ఆ సంగతే తెలియదు.

బ్రాండ్‌కు సమాధానం దొరికింది. వేళ్ళను తినివేస్తున్నది రోగం కాదు, నొప్పి లేకపోవడం. వేడి గిన్నెను పట్టుకొన్నా, ముల్లు గుచ్చుకొన్నా, చెప్పులో రాయి ఒరుసుకొన్నా హెచ్చరించే కావలివాడు లేనప్పుడు గాయం పుండవుతుంది, పుండు ఎముకకు చేరుతుంది, ఎముక క్రమంగా అరిగి కుంచించుకొనిపోతుంది. కొంకర్లు పోయిన వేళ్ళను తిరిగి పని చేయించడానికి ఆయన ఆరోగ్యంగా ఉన్న కండరపు స్నాయువును మళ్ళించి అతికే శస్త్రచికిత్సను అభివృద్ధి చేశాడు. 1955లో వేలూరు సమీపంలోని కరిగిరిలో వెలసిన కుష్ఠు పరిశోధన కేంద్రం ఈ కృషిని విస్తరింపజేసింది.

స్పర్శ పోయిన చేతులకు, పాదాలకు కళ్ళే కావలివాళ్ళు కావాలి. ప్రతిరోజు పాదాలను పరిశీలించడం, నీటిలో కొంతసేపు నానబెట్టి నూనె రాసుకోవడం, పొయ్యి మీది పాత్రలను గుడ్డతో పట్టుకోవడం, మెత్తని రబ్బరు అట్ట గల ఎం.సి.ఆర్. చెప్పులు ధరించడం, రెప్ప సరిగా మూతపడని కంటిని దుమ్ము నుండి కాపాడుకోవడం రోగి నేర్చుకోవలసిన విద్య.

సంఘం నేర్చుకోవలసిన పాఠం

మన దేశంలో 1981లో ప్రతి పదివేల మందికి 57 మందికి పైగా కుష్ఠురోగులు ఉండేవారు. 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం ప్రారంభమై బహుళ ఔషధ చికిత్సను పల్లెలకు చేర్చింది. 2005 డిసెంబరు నాటికి ఆ సంఖ్య దేశం మొత్తం మీద పదివేలకు ఒకటి కంటె తగ్గింది. ఇది గొప్ప విజయం. కాని విజయోత్సాహంలో అప్రమత్తత సడలింది. 2023లో ప్రపంచంలో 1,82,815 కొత్త కేసులు నమోదు కాగా, వాటిలో సగానికి పైగా మన దేశంలోనివే. వ్యాధి అంతరించలేదు, దానిని గుర్తుపట్టగలవారు తగ్గిపోయారు.

అందుకే ప్రభుత్వం 2017లో స్పర్శ్ అనే పేరుతో అవగాహన ఉద్యమాన్ని ప్రారంభించింది. కుష్ఠురోగి అయిన పర్చూరే శాస్త్రికి సేవాగ్రామ్‌లో స్వహస్తాలతో సేవ చేసిన గాంధీజీ వర్ధంతి, జనవరి 30, కుష్ఠు నివారణ దినంగా పాటింపబడుతున్నది. ఒకరిలో వ్యాధి బయటపడితే ఇంటిల్లిపాదినీ, సన్నిహితులనూ పరీక్షించి, వ్యాధి లేనివారికి ముందుజాగ్రత్తగా ఒకే ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చే పద్ధతి కూడా అమలులోకి వచ్చింది.

చట్టం సైతం ఆలస్యంగానైనా తన పాత తీర్పును సవరించుకొన్నది. రోగులను నిర్బంధించడానికి వీలు కల్పించిన 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. భార్యాభర్తలలో ఒకరికి కుష్ఠు ఉండడం విడాకులకు కారణమనే నిబంధనను 2019లో తొలగించారు. అంతకు చాలాకాలం ముందే, 1958లో, వనపర్తి సంస్థానానికి చెందిన రాణి కుముదినీదేవి హైదరాబాదులోని కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించి, రోగులకు చికిత్సతోపాటు గౌరవం కూడా అవసరమని ఆచరణలో చూపారు. చట్టం మారినంత త్వరగా మనస్సులు మారవు. పెళ్ళి సంబంధం చెడుతుందనే భయం ఒక్క ఇంట్లో మిగిలి ఉన్నంతకాలం ఒక మచ్చ చొక్కా చేతి కింద దాగే ఉంటుంది.

ఆ భయాన్ని పోగొట్టగలవారు విద్యావంతులైన యువకులే. శరీరంపై స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచవద్దని చెప్పడం, మిత్రునికి వ్యాధి ఉన్నదని తెలిసినప్పుడు అతని పక్కనే కూర్చోవడం, చికిత్స మధ్యలో మానకుండా చూడడం ఏ పదవీ లేకుండానే చేయగల సేవలు. పంచమీతీర్థం నాడు పద్మసరోవరంలో పక్కవాని భుజం తగిలినప్పుడు ఎవరూ వెనుదీయరు. మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజులు కూడా ఆ విధంగానే ఉండగలిగితే, క్షేత్రాలకు వెళ్ళే దారుల పక్కన గుడ్డపీలికలు చుట్టుకొన్న చేతులు ఇక ఏనాడూ కనిపించవలసిన అవసరం ఉండదు.

అభ్యాసం

1. కుష్ఠువ్యాధిని నిర్ధారించే మూడు ప్రధాన లక్షణాలను వివరించండి.
2. బహుళ ఔషధ చికిత్స ఎందుకు అవసరమయింది? దాని విధానాన్ని తెలపండి.
3. "వేళ్ళను తినివేస్తున్నది రోగం కాదు, నొప్పి లేకపోవడం" – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
4. బొల్లికి, కుష్ఠుకు గల భేదాలేమిటి?
5. కుష్ఠురోగుల పట్ల సంఘం దృష్టిని మార్చడానికి విద్యార్థులు చేయదగిన పనులను వ్రాయండి.